వాడని మైకు

నీలంపేట శాసనసభ్యుడు కూర్మాపు నరసింగరావు గారు పెద్ద మాటకారి. పెళ్లి పందిట్లో మైకు చేతికి దొరికిందంటే పురోహితుడికి మంత్రం చదివే సందు ఇచ్చేవారు కాదు. ఆయన తహసీల్దారుతో ఫోనులో మాట్లాడుతుంటే పక్కవీధి వాళ్లు తమ అర్జీ ఎంతవరకు వచ్చిందో అరుగుల మీద కూర్చునే తెలుసుకునేవారు. అలాంటి మనిషి ఏడుసార్లు గెలిచి, ఏడుసార్లూ అసెంబ్లీలో ఒక్క మాట కూడా మాట్లాడలేదంటే నీలంపేటలో ఎవరూ నమ్మేవారు కాదు. పైగా అప్పటికి ఆ సంగతి వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు.

ఆ మౌనం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. మొదటిసారి గెలిచి వెళ్లినప్పుడు ఆయన దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది. నీలంపేటలో ఆసుపత్రి లేక, ఆయన చెల్లెలు చిన్నమ్మడు తొలికాన్పు నొప్పులతో ఎడ్లబండిలో పట్నం పోతూ దారిలోనే ప్రాణం విడిచింది. ఆ బండి తోలింది ఆయనే. రాజకీయాల్లోకి వచ్చింది ఆ మంటతోనే. మా ఊరికి ఆసుపత్రి ఎప్పుడిస్తారు అధ్యక్షా అని అడుగుదామని లేచి నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ప్రతిపక్షం వారు పోడియం చుట్టుముట్టారు, సభ వాయిదా పడింది. మర్నాడు లేవబోతే పార్టీ విప్ భుజం నొక్కి కూర్చోబెట్టి, "కొత్తవారు, కొన్నాళ్లు చూసి నేర్చుకోండి" అన్నాడు.

ఆయన చూసి నేర్చుకుంటుండగానే ఎవరో కాంట్రాక్టరు పుణ్యమా అని ఆసుపత్రి దానంతటదే వచ్చేసింది. పురుళ్ల వార్డుతో సహా వచ్చింది. దానితో అడగవలసిన ప్రశ్న కాస్తా అయిపోయింది. రెండోసారి గెలిచేసరికి ఆయన పార్టీ ప్రతిపక్షంలో ఉంది. ఆయన లేచినప్పుడల్లా పార్టీ మొత్తం వాకౌట్ చేసేది, ఆయనా వెంట వెళ్లేవారు. మూడోసారికి పార్టీ మారారు. బయటినుంచి వచ్చినవారు వెంటనే మాట్లాడితే పాతవారు నొచ్చుకుంటారన్నారు. తర్వాత్తర్వాత పెద్దవారైపోయారు, కుర్రవాళ్లకు అవకాశం ఇవ్వాలన్నారు. ఐదోసారికి సభ గుమ్మంలో అడుగు పెట్టగానే గొంతు తడారిపోవడం మొదలైంది. బల్ల చరచడంలో మాత్రం ఆయనకు సాటి వచ్చేవారు లేరు. ఏ పార్టీ అధ్యక్షుడైనా టికెట్లు పంచేటప్పుడు ఆయన పేరు దగ్గర ఆగకుండా టిక్కు పెట్టి సాగిపోయేవాడు. ఈయనవల్ల మనకు ఎన్నడూ ఇబ్బంది రాలేదు కదా అనేవాడు.

అలా కాలం గడుస్తుండగా అసెంబ్లీకి స్వర్ణోత్సవం వచ్చి పడింది. అత్యధిక కాలం సేవ చేసిన సభ్యుడి ప్రసంగాలన్నిటినీ సేకరించి సర్వస్వంగా అచ్చువేయాలని తీర్మానించారు. నిధులు విడుదలయ్యాయి, కాగితం కొన్నారు, ముఖచిత్రం గీయించారు. ఆ తర్వాత ప్రసంగాలు వెతికారు.

అసెంబ్లీ కార్యదర్శి శేషఫణి గారు చెమటలు తుడుచుకుంటూ లాబీలోకి వచ్చి నరసింగరావు గారికి నమస్కరించాడు. "తమరి ప్రసంగ వాఙ్మయం ప్రస్తుతానికి అలభ్యంగా ఉన్నదని సవినయంగా మనవి చేయవలసి వస్తోందండి."

"నేను మాట్లాడితే గదండీ అది లభ్యమవడానికి" అన్నారు నరసింగరావు గారు, సిగ్గుతో నేల చూపులు చూస్తూ.

మరొక సభ అయితే ఆ పుస్తకం అక్కడితో ఆగిపోయేది. కానీ విడుదలైన నిధులు వెనక్కి పంపడం ఆ సభ చరిత్రలో జరగలేదు. కనుక సభా మౌన పరిశీలన సంఘం ఏర్పడింది. ఆ సంఘం విహారయాత్రా స్థలాలన్నిటిలో సమావేశమై, లోతుగా ఆలోచించి నివేదిక ఇచ్చింది. ఇతర సభ్యుల మాటలను రికార్డుల నుంచి తొలగించవలసి వచ్చింది, క్షమాపణలు చెప్పించవలసి వచ్చింది, వాటి మూలంగా సభ వాయిదా వేయవలసి వచ్చింది. నరసింగరావు గారి విషయంలో అలాంటి అవసరం ఒక్కసారి కూడా రాలేదు. మరి ప్రమాణ స్వీకారం నాడు నోరు విప్పారు కదా అని ఒక సభ్యుడు సందేహపడ్డాడు. అవి రాజ్యాంగం వారి మాటలేగాని ఆయన సొంత మాటలు కావని సంఘం తేల్చింది. మూజువాణి ఓటులో అవును అన్నారేమోనని మరొకరు అడిగారు. అంత గోలలో ఎవరన్నారో నిరూపించడం సాధ్యం కాదని దాన్నీ కొట్టిపారేసింది.

పుస్తకం వచ్చింది. పైన బంగారు అక్షరాలు, ముందు సభాపతి గారి సుదీర్ఘమైన పీఠిక, ఆ తర్వాత తెల్ల కాగితాలు. అక్కడక్కడ కుండలీకరణాల్లో "బల్ల చరిచారు" అని మాత్రం ఉంది. పత్రికల వాళ్లు అది చాలా లోతైన రచన అని రాశారు. ఒకాయన రెండో భాగం మొదటిదానికంటే పలచబడిందన్నాడు.

అక్కడినుంచి మౌనం ఊపందుకుంది. కొత్తగా గెలిచిన సభ్యులకు శిక్షణ తరగతులు పెట్టి నరసింగరావు గారిని బోధకుడిగా పిలిచారు. ఆయన వెళ్లి, కూర్చుని, లేచి వచ్చేశారు. పాఠం అద్భుతంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. కలెక్టరు గారు ప్రజల ఫిర్యాదుల దినాన్ని మౌన ఫిర్యాదుల దినంగా మార్చాడు, ఆ వారం ఒక్క ఫిర్యాదూ రాలేదని ప్రభుత్వం ప్రశంసాపత్రం ఇచ్చింది. జిల్లా స్థాయి వక్తృత్వ పోటీలు మౌనంగా జరిగాయి. మొదటి బహుమతి ఆ రోజు బడికి రాని పిల్లవాడికి వచ్చింది.

సభ అంతటితో ఆగలేదు. నరసింగరావు గారి సీటు ముందున్న మైకు, సభలో ఎవరి ఉమ్మీ తగలని ఏకైక మైకు కాబట్టి, దాన్ని ఊడదీసి, ప్రవేశమందిరంలో అద్దాల పెట్టెలో పెట్టి, "వాడని మైకు" అని రాగిఫలకం బిగించారు. ఆయన మౌనాన్ని సభా సంపదగా ప్రకటిస్తూ తీర్మానం చేశారు. దాన్ని భంగపరిచినా, భంగపరచడానికి పురికొల్పినా, భంగమైనప్పుడు విన్నా సభా హక్కుల ఉల్లంఘన కింద లెక్క. ఆయన లేచి నిలబడితే అందరూ లేచి, తల వంచి, రెండు నిమిషాలు మౌనం పాటించాలి. సభ బయట కూడా ఆయన ఎదురైతే ప్రజలు ఎక్కడివారక్కడ ఆగి అలాగే చేయాలని జిల్లాలకు సర్క్యులర్ వెళ్లింది.

నరసింగరావు గారికి ఇదంతా నచ్చలేదంటే అబద్ధం. చాలా నచ్చింది. జీవితమంతా లోపల దాచుకున్న సిగ్గుకు జరీ అంచు కుట్టి భుజాన వేస్తే ఎవరు కాదంటారు. ఆయన భార్య సుందరమ్మ మాత్రం వంటింట్లోంచి, "ఇంట్లో మాటాడొచ్చా, దానికి కూడా ఏదైనా రూలెట్టినారా? బజార్నించి కరివేపాకు తెమ్మందామని" అంది.

సరిగ్గా ఆ వైభవం మధ్యలో నీలంపేట ఆసుపత్రి నర్సు దమయంతి రాజధానికి వచ్చింది. రైలు దిగి నేరుగా ఆయన ఇంటికి వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా విషయం చెప్పింది.

"బాబూ, మన పురుళ్ల వార్డు ఎత్తేసి కోటిపురం పట్టుకుపోతన్నారట. మంత్రిగారి ఊరుకి. మన దగ్గర నొప్పులొచ్చిన మనిసిని ఆ కొండలమీద ఘాటీ దారంట ఎలగ తీసుకెల్తాం? అంబులెన్సు కూడా అక్కడికే మార్చీసినారు. మీరు సభలో ఒక్క మాటనండి బాబూ, సాలు."

నరసింగరావు గారి కళ్లముందు ఎడ్లబండి కదిలింది. ఆయన ముఖం చూసి సుందరమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "అంటాను" అన్నారాయన. "మా చిన్నమ్మడి మీద ఒట్టు. నువ్వెళ్లి పని చూసుకో అమ్మా, నేనంటాను."

ముందుగా ఆరోగ్య మంత్రిగారిని కలిశారు. మంత్రిగారు లేచి, తల వంచి, నియమం ప్రకారం మౌనం పాటించి, ఆ తర్వాత నవ్వాడు. "అన్నగారూ, తమరు పొరబడ్డారు. ఇది తరలింపు కాదు. పురుళ్ల సేవల హేతుబద్ధీకరణ. మంచాలు కోటిపురం వెళ్తాయి, సేవ నీలంపేటలోనే ఉంటుంది."

"మంచాలు లేకుండా సేవేటండీ?"

"సేవా భావం ఉంటుందండి. అయినా తమరికి అంత బాధగా ఉంటే సభలో చెప్పండి. సభ నిర్ణయమే శిరోధార్యం."

సభలో చెప్పడం చాలా తేలిక. ఇలాంటి బదలాయింపులన్నీ ఒక జాబితాగా చదువుతారు. ఏ సభ్యుడైనా లేచి అభ్యంతరం అని నోటితో అంటే చాలు, ఆ అంశాన్ని పక్కన పెట్టి జిల్లాలో విచారణకు పంపాలి. రాసి ఇస్తే చెల్లదు, నోటితోనే అనాలి. ఒక్క మాట. ఆయన పార్టీ వాళ్లకు విప్ ఉంది కాబట్టి వాళ్లెవరూ అనరు. ప్రతిపక్ష నాయకుణ్ణి బతిమాలితే, ఆయన చాలా సానుభూతి చూపించి, "ఆ సమయానికి మేం వాకౌట్‌లో ఉంటామండి. అది ముందే ఖరారైపోయింది" అన్నాడు.

ఇక మిగిలింది తానే. కార్యదర్శి గారికి ముందుగా ఒక మాట చెబుదామని వెళ్లారు. శేషఫణి గారు నియమావళి తిరగేసి దిగాలుపడ్డాడు.

"తమరు మాట్లాడటం నిషిద్ధం కాదండి. అనుచితమూ కాదు. అది కేవలం తమరి హక్కులకు తమరు చేసే ఉల్లంఘన అవుతుంది."

"నా హక్కు నేను వదిలేసుకుంటున్నాను."

"అది తమరిది కాదండి, సభది. తమరు దానికి ధర్మకర్త మాత్రమే. వదులుకునే పక్షంలో ఆ సంగతి సభలో నోటిమాటగా ప్రకటించవలసి ఉంటుంది."

"అయితే ప్రకటిస్తాను."

"అందుకు నోరు విప్పవలసి వస్తుందండి" అన్నాడు కార్యదర్శి ఎంతో బాధగా. "ఆ క్షణంలోనే ఉల్లంఘన జరిగిపోతుంది."

ఆయన ఇంటికి వచ్చి సాధన మొదలుపెట్టారు. గడ్డం గీసుకుంటూ అభ్యంతరం అన్నారు. స్నానాల గదిలో అన్నారు. పెరట్లో గులాబీ మొక్కలకు నీళ్లు పోస్తూ అన్నారు. ఆ మాట విని విని ఎదురింటి వారు తాము కట్టిస్తున్న ప్రహరీ గోడ గురించేమోనని పనివాళ్లను పంపేశారు. "అంత చిన్న మాటకి ఇంత సాధకమేటండీ" అంది సుందరమ్మ. ఆయన ఆమె పక్కన పీట వాల్చుకుని కూర్చున్నారు. "ఆ గుమ్మంలో అడుగెడితే నాకు గొంతు పూడుకుపోతాదే. ఇన్నేళ్లూ నీక్కూడా చెప్పలేదు" అన్నారు. సుందరమ్మ లేచింది. ఆయన కోసం శొంఠి కషాయం కాచి సీసాలో పోసింది.

ఆ రోజు వచ్చింది. ప్రతిపక్షం వారు అనుకున్న ప్రకారం వాకౌట్ చేశారు. జాబితా చదువుతుంటే సభ కునికిపాట్లు పడుతోంది. ఒక వంతెన పేరు మారింది, ఒక కళాశాల జిల్లా మారింది. తర్వాత నీలంపేట పురుళ్ల వార్డు వచ్చింది. "అభ్యంతరం గల సభ్యులు లేచి తెలుపవచ్చు" అని సభాపతి అలవాటు ప్రకారం అన్నాడు.

నరసింగరావు గారు లేచి నిలబడ్డారు.

వెంటనే సభ మొత్తం లేచి నిలబడింది. తలలు వంగాయి. గ్యాలరీలో సందర్శకులు లేచారు. కెమెరాలవాళ్లు చెప్పులు విప్పారు. అంత నిశ్శబ్దంలో ఆయన నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. కషాయం ఏమైందో తెలియదు. ఆయన కళ్లు మూసుకున్నారు. బండి వెనకనుంచి చిన్నమ్మడు "అన్నా, ఇంకెంత దూరం" అని అడిగిన గొంతు వినబడింది. అప్పుడు మాట బయటికి వచ్చింది.

"అభ్యంతరం."

ముందు వరుసలో మంత్రిగారు గబుక్కున చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. విన్నవాడు కూడా ఉల్లంఘనకు పాల్పడినట్టే కదా. క్షణంలో సభ అంతా చెవులు మూసుకుని, తలలు వంచుకుని, భక్తితో నిలబడిపోయింది.

"అభ్యంతరం అధ్యక్షా" అన్నారు నరసింగరావు గారు ఇంకా గట్టిగా. ఆ తర్వాత ఇన్నేళ్ల మాటలన్నీ తన్నుకొచ్చాయి. చెల్లెలి సంగతి చెప్పారు. ఎద్దులు బురదలో కూరుకుపోతే తాను కాడి కింద భుజం పెట్టి లాగిన సంగతి చెప్పారు. ఆసుపత్రి వచ్చాక మా ఊళ్లో ఆడవాళ్లు భయం లేకుండా కడుపు పండించుకుంటున్నారని చెప్పారు. మైకు లేకపోయినా ఆ గొంతు పైకప్పుకు తగిలింది. అది నీలంపేట పెళ్లి పందిళ్లన్నీ ఎరిగిన గొంతు. ఒక్కరూ వినలేదు.

సభాపతి కార్యదర్శి వైపు వంగి సలహా తీసుకుని, రూలింగ్ ఇచ్చాడు. "గౌరవ సభ్యుల మౌనం ఈ సభకు ప్రాణసమానం. ఇప్పుడు సభలో వినిపించినట్టుగా భావింపబడుతున్న ధ్వనులు రికార్డుల నుంచి తొలగించడమైనది. అభ్యంతరం ఏదీ లేనందున అంశం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

మార్షల్స్ ఆయన్ని కుర్చీతో సహా ఎత్తి, పెళ్లికొడుకును ఊరేగించినట్టు భద్రంగా బయటికి తీసుకొచ్చి, అద్దాల పెట్టె పక్కన దింపారు. ఎక్కడా దెబ్బ తగలనివ్వలేదు.

ఆయన ఆ సాయంత్రమే రైలెక్కి నీలంపేట వెళ్లిపోయారు. దిగేసరికి ఆసుపత్రి ముందు లారీ ఉంది, మంచాలు ఎక్కిస్తున్నారు. దమయంతి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె తల వంచలేదు, మౌనమూ పాటించలేదు.

"అన్నానమ్మా" అన్నారాయన. "ఒట్టు. గట్టిగానే అన్నాను."

"టీవీలో సూసినాం బాబూ. మీరు నోరు తెరవడం కనబడ్డాది. ఏటీ ఇనబడలేదు. కింద మౌనయోగి అనీసి రాసినారు." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని కోసేసింది. "పోనీలెండి. ఇంతకాలం అన్లేదు, ఇప్పుడన్నారు. బేగి అన్నుంటే బాగున్ను."

మైకు పనిచేసిన రోజులన్నీ గుర్తొచ్చాయి. చెవులు మూసుకోని సభలు, లేస్తే కూర్చోబెట్టారని తాను ఊరికే కూర్చుండిపోయిన సభలు గుర్తొచ్చాయి. చేసినదంతా వాళ్లు చేసింది కాదు. సగం తన చేతులతోనే చేసుకున్నారు. ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ముఖం తువ్వాల్లో దాచుకున్నారు.

లారీ ఇంకా మలుపు తిరగకముందే ఆటోలో సంతోషి వచ్చింది. వలలు అల్లే ఎర్రయ్య కోడలు, నెలలు నిండిన పిల్ల. పళ్లు బిగబట్టి అత్తగారి భుజాన్ని గోళ్లతో రక్కేస్తోంది. దమయంతి చెయ్యి వేసి చూసి, "బిడ్డ ఎదురుకాళ్లతో వస్తన్నట్టుంది. డాక్టరమ్మ సెయ్యి పడాల. కోటిపురమే" అంది.

నరసింగరావు గారు తన కారు తీయించారు. వెనక సంతోషి, అత్తగారు, దమయంతి. ముందు సీట్లో ఆయన. ఘాటీ దారంతా కిటికీలోంచి తల బయటపెట్టి, ఎదురొచ్చే ప్రతి బండినీ తప్పుకోమని కేకలు వేస్తూనే ఉన్నారు. పొలాల్లో కూలీలు తలెత్తి చూశారు. ఇంతకాలం దాచిన గొంతు ఇలాగైనా ఖర్చవుతోందని ఆయనకు ఒక పిచ్చి సంతోషం.

కోటిపురం సంత దగ్గర రోడ్డు కిక్కిరిసి ఉంది. "తప్పుకోండి, పురుటి మనిసుంది, తప్పుకోండి" అని అరిచారు.

జనం తిరిగి చూశారు. టీవీలో రోజూ చూసే ముఖం. సర్క్యులర్ అందరికీ తెలిసిందే. లారీ డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. కూరగాయల బండివాడు తక్కెడ కింద పెట్టాడు. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల వేసి నాలుగు వైపులా రోడ్డు మూసేసి, సెల్యూట్ కొట్టి, తల వంచాడు. సంత సంతంతా రోడ్డుమీద కదలక మెదలక నిలబడిపోయింది.

నరసింగరావు గారు కారు దిగి ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని లాగారు. చేతులు జోడించారు, తిట్టారు, ఏడ్చారు. వాళ్లు చెవులు మూసుకుని మరింత వినయంగా వంగారు. ఆసుపత్రి బోర్డు అక్కడికి కనిపిస్తూనే ఉంది. కారులో సంతోషి అరుపు ఒక్కసారి లేచి, తెగిపోయింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. ఒకసారి బండి మీద విన్నారు.

అప్పుడు కారులోంచి ఏడుపు వినిపించింది. సన్నగా మొదలై, నిమిషంలో సంతంతా నిండింది. జనం ఉలిక్కిపడి చెవుల మీది చేతులు తీశారు. ఒక ముసలామె నవ్వింది. దమయంతి కిటికీలోంచి తల బయటపెట్టి, చెమట ముఖంతో, "తల్లి బాగున్నాది బాబూ. ఆడపిల్ల. గొంతు సూసినారా?" అంది.

నరసింగరావు గారు దగ్గరికి వచ్చారు. కారు తలుపు పట్టుకుని అలా నిలబడి వింటూ ఉండిపోయారు. పిల్ల గుక్క తిప్పుకుని మళ్లీ అందుకుంది. రికార్డుల నుంచి తొలగించేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.